ఎవరికీ చెప్పని కబురు

“నిన్నెవరు మానమన్నారే ఆ ఉద్యోగం! చేతికందిన కూడు కాలదన్నుకోమని ఎవరు చెప్పారు నీకు!”

భర్త కేకకు మంచం మీదున్న ఆమె ఉలిక్కిపడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. ఏం చెప్పగలదు ఆ పిచ్చితల్లి! పొద్దున కుట్టుమిషను ముందే కళ్లు తిరిగి పడిపోతే, డాక్టరమ్మ చూసి ఒక్కటే మాటంది... “కాన్పయ్యేదాకా మంచం దిగకూడదు. దిగావో, ఈ బిడ్డ కూడా నీకు దక్కదు!” ఈ బిడ్డ కూడా... నిరుడు పోయిన బిడ్డ ముఖమైనా చూడలేదు తను. ఆ ‘కూడా’ అన్న మాట దగ్గరే ఆమె ప్రాణం ఆగిపోయింది.

మంచం దిగకపోతే ఇల్లు గడిచేదెలా? భర్తకొచ్చే వ్యాను డ్రైవరు జీతం ఇంటద్దెకే సరి! అందుకే ఆమెను ఇంట్లో పడుకోబెట్టి, భర్త ఆమె మానేసిన పాతదీ, ఇప్పుడు చేస్తున్న కొత్తదీ, రెండు కుట్టు కంపెనీల గుమ్మాలూ తొక్కి వచ్చాడు. కొత్త కంపెనీ మేనేజరమ్మ చెడ్డదేం కాదు, కానీ చేతులెత్తేసింది. “మీ ఆవిడ మా దగ్గర చేరి మూడు నెలలే కదయ్యా! జీతంతో కాన్పు సెలవు కావాలంటే ఇది చాలదు. పాతచోట ఎన్నేళ్లు కాలర్లు కుట్టినా ఆ సర్వీసు ఇక్కడ కలవదు. ఊరికే సెలవంటే ఇస్తాను. కానీ మీ తరఫున బదులు మనిషిని కూర్చోబెట్టాలి, లేదంటే ఆ సీటు వేరేవాళ్లకి పోతుంది.” ఇక పాత కంపెనీవాళ్లయితే మరీనూ! “కడుపుతో ఉన్నానని ఒక్క మాట చెప్పుంటే మేమే జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లం! నోరు విప్పితే ముత్యాలు రాలతాయా? రాజీనామా ఇచ్చాక ఇప్పుడు మేమేం చేస్తాం!” అన్నారు.

“చెప్పవే! ఆ ఒక్క మాటా వాళ్లతో చెబితే నీ సొమ్మేం పోయింది?”

ఆమె నిజం చెబితే ఎవరిని పట్టివ్వాలి? వంటింటి గుమ్మంలో అత్తగారు పాలగ్లాసుతో నిలబడి ఉంది. మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజు, కోడలి తల నిమురుతూ ఆవిడే కదా చెప్పింది... “పోయినసారి అందరికీ చాటుకున్నాం, ఏ పాడు కళ్లు పడ్డాయో! ఈసారి ఇంట్లో ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. కంపెనీకి వెళ్లే ఆ బస్సు కుదుపులే మన కొంప ముంచాయి. మానెయ్యి తల్లీ! వీధి చివర కొత్త కంపెనీ పెట్టారుగా, నడిచి వెళ్లొచ్చు.” ఎంత ప్రేమ ఆ మాటల్లో! ఆ ప్రేమకే తలవంచి, భర్తతో కొత్తది దగ్గరని మాత్రం చెప్పి, కంపెనీలో కారణం చెప్పకుండా మానేసిందామె. బిడ్డను కాపాడుకోవాలని చేసిన పనే బిడ్డ మీదికి వచ్చింది!

“నాదే తప్పండీ... దగ్గరని ఆశపడ్డాను...”

గ్లాసు ఠంగున కింద పడింది.

“అబద్ధంరా! మానమన్నది నేను! నోరు మెదపనని నా చేతిలో ఒట్టు వేయించుకున్నది నేను! తిడితే నన్ను తిట్టు, దాన్నొక్క మాట అన్నావో చూడు!”

“ఊరుకోండత్తయ్యా... మీరు నా మంచికేగా చెప్పారు...”

“మంచికేనే! ఆ మంచితోనే నీ నోటి దగ్గర ముద్ద లాగేశాను! ఇంత జరిగినా నన్ను వెనకేసుకొస్తున్నావే... నువ్వు నా కడుపున ఎందుకు పుట్టలేదే!” అంటూ ఆవిడ కోడలి పాదాల దగ్గర కూలబడి భోరుమంది. కొడుకు నేల మీది పాలను చూస్తూ నిలబడిపోయాడు.

కాసేపటికి అత్తగారు లేచింది. ముఖం తుడుచుకుని, అలమరలోంచి మసకబారిన కళ్లజోడు తీసి పెట్టుకుంది.

“ఎక్కడికమ్మా?”

“బదులు మనిషిని అడిగిందిగా ఆ మేనేజరమ్మ. నేనే వెళ్తాను.”

“అత్తయ్యా! చూపు ఆనకేగా మీరు పని మానేసింది! ఆ మోకాళ్లతో...”

“కాలర్లు నా వల్ల ఎక్కడవుతాయిలే! వాటికి అక్కడున్నవాళ్లలో ఎవర్నైనా కూర్చోబెట్టమంటాను, వాళ్ల పని నేను చేస్తాను. ఏళ్ల తరబడి కాజాలు కుట్టిన చేతులివి, దారాలైనా కత్తిరించలేవా?” కొడుకు వైపు తిరిగింది. “నువ్వలా దిష్టిబొమ్మలా నిలబడక దానికి వేరే పాలు కాచివ్వు. నీ అరుపులకు లోపల పసిగుడ్డు దడుచుకుని ఉంటుంది!”

కిటికీలోంచి కోడలు చూస్తూనే ఉంది. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తున్న ఆవిడను ఎదురింటావిడ పలకరించింది. “ఏంటి పిన్నీ, ఈ వయసులో ఎక్కడికా పరుగు?”

కోడలు ఎప్పటిలా ఏదో ఒకటి చెప్పి దాటవేస్తుందనుకుంది...

“నా కోడలు కడుపుతో ఉందమ్మా!” వీధి వీధంతా వినబడేలా అరిచింది అత్తగారు. “ఐదో నెల! మంచం దిగకూడదన్నారు. దాని బదులు నేను పనికి పోతున్నాను. ఏ కళ్లు పడతాయో పడనీ! నేను వచ్చేదాకా నా పిల్లను కాస్త చూస్తూ ఉండండమ్మా!”

బిడ్డ దక్కుతుందో లేదో ఎవరికి తెలుసు? ఆ కళ్లూ మోకాళ్లూ ఎన్నాళ్లు మోస్తాయో ఎవరికి తెలుసు? కోడలు ఒక్క ఉదుటున లేవబోయి, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి ఆగిపోయింది. పడుకున్నచోటి నుంచే, ఏడుపు గొంతుతో కేకేసింది.

“మెల్లగా వెళ్లండత్తయ్యా... అక్కడ మెట్టుంది!”