మూతపెట్టిన వేణ్ణీళ్ళు

"ఎవరు కడిగారు దీన్ని?"

ల్యాబ్‌లోకి అడుగుపెడుతూనే అక్కడ పరిశోధన చేసే అమ్మాయి వేసిన కేకకి, సింకు కింద దూరి నట్లు బిగిస్తున్న అతని తల ఠంగున పైన తగిలింది.

"నేనేనండీ," అన్నాడు నుదురు రుద్దుకుంటూ. "ఇసక ఒక్క రేణువు మిగిలితే ఒట్టు!"

అతను ల్యాబ్ మేడమ్‌కి సొంత తమ్ముడు. పంపు బాగుచేయడానికి వచ్చాడు. పంపు ఎప్పుడో బాగైంది. అతనే వెళ్ళడం లేదు.

"ఏ నీళ్ళతో?"

"మరిగే నీళ్ళతో. మామూలుగానా!"

ఆమె స్టూలు మీద కూలబడింది. బల్ల మీద ఆకుపచ్చ సముద్రపు నాచు ఉడికిన ఆకుకూరలా మెత్తబడి ఉంది.

"అందులో చక్కెర ఉందండీ! టీలో వేసుకునేది కాదు, జిగురులాంటిది. మానని పుండ్లకి మందు చేద్దామని చూస్తున్నది దానితోనే. చన్నీళ్ళకి కదలదు, వేడి తగిలితే నీళ్ళలోకి దిగిపోతుంది. రేపు పొద్దున్నే కణాల మీద పరీక్ష. వానలు మొదలయ్యాయి, ఒడ్డున మళ్ళీ ఈ నాచు దొరకాలంటే వచ్చే ఏడాదే!"

అతని మొహం పాలిపోయింది.

"నాకు తెలీదండీ. రోజూ మీరు చన్నీళ్ళలో కడిగి కడిగి వేళ్ళన్నీ పగిలిపోయాయి. చూడలేక..."

"నా వేళ్ళు మీరెందుకు చూశారు?"

"మొహం చూస్తే తిట్టారుగా, మొన్న!"

ఏడవబోతున్న ఆమెకి నవ్వొచ్చింది. మింగేసింది.

"ఆ నీళ్ళు ఏ తూములో పారబోశారో ఏమో..."

"పారబోయలేదే."

"ఏంటీ?"

"మీరు రాగానే చేతులు వెచ్చబెట్టుకుంటారని మూతపెట్టి ఉంచా. కిటికీ కింద, స్టీలు బకెట్లో."

ఆమె పరుగెత్తి మూత తీసింది. ఆవిరితో పాటు సముద్రం వాసన గుప్పుమంది. వేలు ముంచి, బొటనవేలితో రాసి చూసింది. జిగురుగా జారుతోంది!

"వడకట్టే గుడ్డ తీయండి! స్పిరిట్ సీసా ఎక్కడుంది? అలా నిలబడి చూస్తారేం?"

"మొహం చూడొచ్చా?"

"పని చూడండి!"

ఇద్దరూ కలిసి వడకట్టారు, చిక్కబడేదాకా కాచారు, చల్లార్చారు. బయట వాన జోరందుకుంది. ఆమె స్పిరిట్ పోస్తుంటే పచ్చటి నీళ్ళలో ఆ జిగురు తెల్లటి పోగులుగా మెల్లగా లేచి, దూదిలా పైకి తేలింది.

"పరీక్షకి సరిపోతుంది," అంది ఊపిరి పీల్చుకుని.

"మరి నన్ను తిట్టడం?"

"వాయిదా వేశాను."

"పంపు బాగైందట్రా?" గుమ్మంలో గొడుగు దులుపుతూ అడిగింది అక్క.

"ఇంకొంచెం ఉందక్కా."

"నాకు తెలీదా నీ పంపు సంగతి!" అని ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఏం అమ్మాయ్, మా వాడికి నీళ్ళు కాచడం తప్ప ఇంకేం రాదు. అయినా పరవాలేదంటే, మా అమ్మని మీ ఇంటికి పంపుతాను మాట్లాడ్డానికి."

ఈలోగా అతను గిన్నెడు మంచినీళ్ళు వెచ్చజేసి, ఆ అమ్మాయి ముందు పెట్టాడు. పగిలిన వేళ్ళు అందులో ముంచి, ఆమె హాయిగా కళ్ళు మూసుకుంది.

"పంపండి మేడమ్. నాచు జోలికి మాత్రం ఈయన్ని రానివ్వకండి."