కత్తెర వైపు తిరగండి

“సరే, వెనక సీట్లో కూర్చుంటాను. నోరు విప్పను. అప్పుడైనా ఒప్పుకుంటావా?” అన్నాడు తండ్రి.

అప్పటికే ఆయన చాలా మెట్లు దిగి వచ్చాడు. మొదట కారు తానే నడుపుతానన్నాడు. తర్వాత అన్నయ్య నడిపితే చాలన్నాడు. ఆ తర్వాత ముందు సీటుకి వచ్చాడు. ఇప్పుడు వెనక సీటు. ఇంకాస్త బేరమాడితే డిక్కీలో పడుకుంటానంటాడేమో అనిపించి కూతురు బొంగరానికి నవ్వొచ్చింది గానీ, నవ్వితే ఓడిపోయినట్టే.

“వద్దు నాన్నా. ఒక్కదాన్నే వెళ్తాను.”

“వెళ్తావు సరే, ఎటు వెళ్తావు?” అన్నాడు అన్నయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి. “మొన్న మందుల షాపుకని బయల్దేరి రైల్వే గేటు దగ్గర తేలింది ఎవరమ్మా?”

బొంగరం అన్న పేరు పెట్టింది కూడా అన్నయ్యే. ఏ కూడలిలో నిలబెట్టినా తన చుట్టూ తాను ఒకసారి తిరిగి చూసుకుంటే గానీ దారి తేల్చుకోలేదు కాబట్టి బొంగరం. కారు చక్కగా నడుపుతుంది. ఎడమ, కుడి అన్న మాటలు చెవిన పడితేనే బుర్రలో దారాలు చిక్కుపడతాయి.

కొండల అవతలి ఊళ్లో నాటకాల కంపెనీకి దుస్తులు కుట్టే వర్క్‌షాపు ఉంది. కటింగ్ పరీక్షకి రమ్మని పిలిచారు. నెగ్గితే రాజులకీ దొంగలకీ గాలి దేవతలకీ బట్టలు కత్తిరించొచ్చు. లేకపోతే అన్నయ్య షాపులో బడి పిల్లల యూనిఫాంలు. అదే కాలరు, అదే జేబు, ఏడాది పొడవునా.

“కొండల్లో ఫోన్ పనిచేయదు. దారి తప్పితే ఎవర్ని అడుగుతావు?” తండ్రి గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

“ఇది చెప్తుంది.” బొంగరం చేతిలోని నావిగేటర్ పైకెత్తింది. అరచేయంత తెర, దాని వెనక కారు అద్దానికి అతుక్కునే రబ్బరు గిన్నె. షాపులో ఉన్నవాటిలో చవకరకం.

“ఆ బొమ్మా?” అన్నాడు అన్నయ్య.

అంతవరకూ నోరెత్తని తల్లి నీళ్ల సీసా నింపి కూతురి సంచీలో పెట్టింది. “వెళ్లనివ్వండి. దారి కోసం ఇంటికి ఫోన్ చేయకుండా వెళ్లొస్తే దాని ఉద్యోగం దానిది. చేసిందా, యూనిఫాంలు కుట్టుకుంటుంది. సరేనా?”

“సరే,” అంది బొంగరం, తండ్రి నోరు తెరిచేలోగా.

*

ఆ నావిగేటర్ కొనడమే పెద్ద గొడవతో మొదలైంది.

“ఉన్నవాటిలో తక్కువది ఇవ్వండి. కానీ మంచిది కావాలి,” అందామె రిపేరు షాపులో.

విప్పిన రేడియోలో తలదూర్చి ఉన్న మెకానిక్ తలెత్తాడు. “రెండూ ఒకే డబ్బాలో రావండీ.”

“మీ దగ్గర రావేమో. పక్క షాపులో అడుగుతాను.”

“పక్క షాపు ఎటు వైపో తెలుసా?”

ఆమెకి తెలియలేదు. అతనికి అది తెలిసిపోయింది. నవ్వు ఆపుకోవడానికి మళ్లీ రేడియోలోకి తల దూర్చాడు.

కొన్న వారానికే రబ్బరు గిన్నె ఊడిందని వచ్చింది. తర్వాత చార్జింగ్ నిలవడం లేదని. ఆ తర్వాత, మాట అర్థం కావడం లేదని.

“అందులో ఆవిడ ఎడమ, కుడి అంటుంది. నాకు ఎక్కదు.”

“మరి మీకేది ఎక్కుతుంది, టైలర్ గారూ?”

ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. “కత్తెర పట్టే చెయ్యి, బట్ట పట్టే చెయ్యి. ఆ రెండూ నిద్రలో కూడా తప్పవు.”

“ఇందులో సొంత గొంతు రికార్డు చేసుకునే వీలుంది. రేపు సాయంత్రం రండి.” పేరు, ఫోన్ నంబరు రాసివ్వమని బిల్లు ముందుకు జరిపాడు. ఆమె రాస్తుంటే ఆ చేతినే చూశాడు, అవసరమైనదాని కన్నా కాస్త ఎక్కువసేపు.

*

ఊరు దాటేవరకూ అన్నీ తెలిసిన వీధులే. మొదటి కూడలి రాగానే నావిగేటర్ గొంతు సవరించుకుంది.

“కత్తెర వైపు తిరగండి.”

అతని గొంతే. రేడియోలో తలదూర్చి మాట్లాడినట్టే ఉంది. బొంగరం నవ్వుతూ ఠక్కున తిప్పింది.

“కుట్టు తప్పింది. విప్పేసి వెనక్కి రండి.”

నవ్వు ఆగింది. వెనక్కి తిప్పింది. అటు పోయింది, ఇటు పోయింది. “బట్ట వైపు తిరగండి” అంటే బట్ట వైపే తిరిగింది. వెంటనే మళ్లీ, “కుట్టు తప్పింది. విప్పేసి వెనక్కి రండి.” కాసేపటికి, పొద్దున్న దాటేసి వచ్చిన నీళ్ల ట్యాంకు మళ్లీ ఎదురై పలకరించింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం స్టీరింగ్ వదల్లేదు. పెట్రోలు బంకు దగ్గర ఆపి ఫోన్ తీసింది. ఇంటికి చేయకూడదంది అమ్మ. షాపుకి చేయకూడదనలేదు.

“మెకానిక్ గారూ, మీరు నన్ను ఎక్కడికి పంపిస్తున్నారు?”

“టైలర్ గారూ! కొండలెక్కేశారా?”

“కొండలా? నా ఎదురుగా గొర్రెలున్నాయి.”

“మీ దారిలో గొర్రెలుండకూడదే!”

“ఆ మాట వాటికి చెప్పండి. మీరు కత్తెర వైపంటే కత్తెర వైపే తిరిగాను. ప్రతిసారీ కుట్టు తప్పిందంటున్నారు. ఇంతకుముందు నా కుట్టు తప్పిందన్నవాళ్లు లేరు!”

అవతల స్క్రూడ్రైవర్ కింద పెట్టిన చప్పుడు. తర్వాత చాలా నెమ్మదిగా, “ఒక్క మాట. కత్తెర మీరు ఏ చేత్తో పట్టుకుంటారు?”

“ఈ చేత్తో!”

“ఫోన్‌లో నాకు కనపడదండీ. రాసే చెయ్యేనా?”

“కాదు, రెండోది. చిన్నప్పుడు ఈ చేత్తోనే రాసేదాన్ని. బడిలో టీచరమ్మ పలక లాక్కుని అటు చేతికి ఇచ్చింది. కత్తెరని మాత్రం నా చేతి నుంచి ఎవరూ...” ఆగిపోయింది.

ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ముందు నవ్విందెవరో చెప్పడం కష్టం.

“మీరు రాయడమే చూశానండీ. కత్తిరించడం చూడలేదు,” అన్నాడతను. గొంతులో తప్పు చేసిన బాధ తెలుస్తూనే ఉంది. “అక్కడే ఉండండి. బండేసుకుని వచ్చి దింపేస్తాను.”

“రావద్దు.”

“పరీక్ష టైమవుతుంది కదా!”

“మీరొస్తే ఒక్కదాన్నే వెళ్లినట్టు కాదు. నేను వెళ్లగలను.”

“అయితే ఇకనుంచి నేను చెప్పినదానికి ఎదురు చేయండి.”

“మా ఇంట్లో అడగండి, అందులో నాకు చాలా అనుభవం,” అని ఫోన్ పెట్టేసింది.

కానీ ప్రతి మలుపులో తిరగేసి ఆలోచిస్తే మళ్లీ గొర్రెల దగ్గరికే. సంచీలోంచి కొలత టేపు తీసింది. రాసే చేతి మణికట్టుకి గట్టిగా చుట్టి, కొస పళ్లతో లాగి బిగించింది.

“ఇవాళ్టికి ఇదే కత్తెర చెయ్యి,” అని చేతికి చెప్పింది. వినాల్సిందేనన్నట్టు.

“కత్తెర వైపు తిరగండి.”

టేపు వైపు తిప్పింది. ఊపిరి బిగబట్టింది.

“నేరుగా కుట్టుకుంటూ పోండి.”

“పోతున్నానండీ!” అని అరిచింది బొంగరం, కారులో ఎవరూ లేకపోయినా.

కొండల్లో వాన పట్టుకుంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. వైపర్లు అటూ ఇటూ తలలూపుతున్నాయి, ఏ వైపో తమకీ తేలనట్టు. పొగమంచులో కనిపించేది రోడ్డు మధ్య తెల్ల గీత, వినిపించేది అతని గొంతు, అంతే. ఒక్కతే ఉన్నానని మర్చిపోయి, ఒకటి రెండుసార్లు “ఊఁ” కూడా కొట్టింది.

వాన వెలిసి, రోడ్డు కిందికి దిగేచోట కారు వేగం పెరిగింది. అప్పుడు నావిగేటర్ ఇంతకు ముందెన్నడూ అననిది అంది:

“నిదానం, టైలర్ గారూ. మీరు క్షేమంగా తిరిగి రావాలి. మీతో నాకు పనుంది.”

బొంగరం బ్రేకు తొక్కింది. చెవులు వేడెక్కాయి. వేగం హద్దు దాటితే పలికే హెచ్చరిక అది, ఆ సంగతి డబ్బా మీద రాసే ఉంది. కానీ డబ్బా మీద ఇలా రాసి లేదు.

ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, ఆక్సిలరేటర్ మరికాస్త నొక్కింది.

“నిదానం, టైలర్ గారూ...”

“సరే సరే,” అంది సిగ్గుపడి.

వర్క్‌షాపు గేటు ముందు ఆగగానే ఆ గొంతు హాయిగా చెప్పింది: “చేరిపోయారు. ఇక ముడి వేసేయండి.”

లోపల పెద్ద మేస్త్రమ్మ గోడ గడియారం కేసి చూసింది. ఇంకా కాస్త సమయం ఉంది. మిగతావాళ్లు అప్పటికే బల్లల ముందున్నారు. బొంగరం మణికట్టుకున్న టేపు విప్పి, కొలతలు తీసుకుని, కత్తెర తన అసలు చేతికి అందించింది. సేనాధిపతి కోటు కత్తిరించాలట. ఎర్రటి బట్టలో కత్తెర దిగాక ఆమెకి ఎవరి గొంతూ అక్కర్లేకపోయింది. ఆ దారి తనకే తెలుసు.

మేస్త్రమ్మ ముక్కలన్నీ ఒకదానిపై ఒకటి పెట్టి అంచులు చూసింది. “ఎడమ చేతివాటమా?”

“అవునండీ.” ఆ మాట అంత తడుముకోకుండా అన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

“ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యి.”

*

తిరుగు దారిలోనూ టేపు మణికట్టుకి చుట్టుకునే వచ్చి, ఇంకా ఎండ ఉండగానే రిపేరు షాపు ముందు కారాపింది. మెకానిక్ గుమ్మంలోనే ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది గానీ రిపేరు చేయడానికి ఎదురుగా వస్తువేమీ లేదు.

“ఉద్యోగం వచ్చింది,” అందామె.

అతని ముఖం వెలిగింది. వెలిగిన కాసేపటికే కాస్త మసకేసింది. “అయితే ఊరు మారుతున్నారన్నమాట.”

“నాతో మీకేదో పనుందన్నారు. రెండుసార్లు.”

“రెండుసార్లా? అంత స్పీడుగా నడిపారా?”

“మాట మార్చకండి. ఏం పని?”

స్క్రూడ్రైవర్ని అటూ ఇటూ తిప్పాడు. “మీరు రిపేరుకి తెచ్చారే, ఆ రబ్బరు గిన్నె... అందులో లోపమేమీ లేదండీ. మొదటిరోజే తెలుసు. చెబితే రావడం మానేస్తారని చెప్పలేదు.”

“నాకూ తెలుసు. తడి గుడ్డతో తుడిస్తే అతుక్కునేది.”

అతను తలెత్తి చూశాడు. ఈసారి ఏ రేడియోలోకీ దూర్చడానికి లేదు.

“మీరంటే నాకు చాలా ఇష్టం,” అన్నాడు. “పెళ్లి చేసుకుందామా అని అడగాలనే పని. ఆ ఊళ్లో కూడా పాడయ్యే వస్తువులుంటాయి కదా. రిపేరు షాపు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.”

బొంగరం తన చుట్టూ తాను తిరిగి చూసుకోలేదు. “రేపు పొద్దున్న మా ఇంటికి రండి.”

“ఇప్పుడే వస్తాను, కారులో...”

“వద్దు. ఒక్కదాన్నే తిరిగి వెళ్లాలి. అది పందెం.”

*

కారు ఇంటి ముందుకొచ్చేసరికి అందరూ గేటు దగ్గరే ఉన్నారు. తండ్రి మధ్యాహ్నం నుంచీ అక్కడే కుర్చీ వేసుకున్నాడని తెలుస్తూనే ఉంది. ఆమె అద్దం దించింది. తండ్రి వంగి, ముందు ఆమె ముఖం చూశాడు, తర్వాత కారు నాలుగు చక్రాలూ చూశాడు.

సరిగ్గా అప్పుడే నావిగేటర్ వీధంతా వినపడేలా పలికింది: “చేరిపోయారు. ఇక ముడి వేసేయండి.”

అన్నయ్య నోరు తెరిచాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెవులు సరిగా వినపడని నాన్నమ్మ మెట్ల మీంచి, “ఎవరే ఆ అబ్బాయి? గొంతు బావుంది,” అంది.

బొంగరం ఇంజను ఆపి, మణికట్టు మీది టేపు విప్పింది. కారు దిగి, తండ్రి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

“ఒకటో తారీఖు నుంచి ఉద్యోగంలో చేరుతున్నాను నాన్నా. ఈ గొంతు నావిగేటర్ అమ్మినాయనది. రేపు పొద్దున్న మీ అందరితో మాట్లాడటానికి వస్తారు, నేనే రమ్మన్నాను. ఆయన్నే పెళ్లి చేసుకుంటాను.”

తండ్రి కూతురి మణికట్టు మీద టేపు బిగించిన ఎర్రటి గీత కేసి చూశాడు.

“మన ఇంటికి దారి చెప్పావా?” అన్నాడు చివరికి.

“చెప్పాను.”

“నువ్వు చెప్పావా!” అని అన్నయ్య నెత్తి పట్టుకున్నాడు.

తండ్రి కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నాడు. “రేపు పొద్దున్న వీధి చివర నేను నిలబడతానులే,” అని లోపలికి నడిచాడు.