బండి ఎన్నాళ్ళు ఆపుతారు?

నా రాతలో ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చెయ్యి ఇంకా నెమ్మదే. ఈ కాస్త రాయడానికి చాలా పూటలు పట్టింది. నోరు మాత్రం ఎప్పుడూ నెమ్మది కాదు. ఈ కథలో సగం దానివల్లే జరిగింది.

నా దగ్గరే ఉండే మా మేనల్లుడు రేవులో క్రేన్ నడుపుతాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. వాడికి ఎక్కడో దూరాన ఇంకో రేవులో పని వచ్చింది. రెండేళ్ళ ఒప్పందం, మధ్యలో సెలవు లేదు. కారు ఇంట్లోనే ఉంచి వెళ్ళాలి. నాకు డ్రైవింగ్ రాదు. అందుకని, ఆపి ఉంచే కారు చెడకుండా ఏం చెయ్యాలో చూడమని వీధి చివరి మెకానిక్ షెడ్డుకు ఫోన్ చేశాడు.

షెడ్డు పెద్దాయన వస్తాడనుకున్నాను. వాళ్ళమ్మాయి వచ్చింది. భుజాన సామాన్ల సంచి, చేతిలో జాకీ. ఆ షెడ్డులో సగం పని ఆ పిల్లదే. వస్తూనే కారు చుట్టూ ఒకసారి తిరిగింది. మా వాడు అప్పటికే సొంత తెలివితో కారు కడిగి, తడి ఆరకముందే ప్లాస్టిక్ పట్టా కప్పేశాడు.

"ఇది ఎవరు కప్పారు?"

"నేనే."

"కారుకి జలుబు చేసిందా? ఆవిరి పట్టిస్తున్నారు."

"దుమ్ము పడకుండా ఉంటుందని..."

"దుమ్ము పడితే తుడుచుకోవచ్చు. తుప్పు పడితే ఏం చేస్తారు?"

పట్టా లాగి అవతల పడేసింది. తలుపు తీసి లోపలికి చూసింది.

"హ్యాండ్ బ్రేక్ ఇంత గట్టిగా లాగారేం?"

"కదలకూడదు కదా అని."

"కదలదు. అతుక్కుపోతుంది. మీరొచ్చి లాగినా అప్పుడూ కదలదు. బ్రేక్ వదిలేసి చక్రాలకి అడ్డంగా చెక్కలు పెట్టండి, చాలు."

మా వాడు తిట్లు తింటూ నవ్వుతున్నాడు. అప్పుడు నాకు సంగతి కాస్త అర్థమైంది. ఏడాదిగా వీడు వారం వారం, కారులో ఏదో శబ్దం వస్తోందని షెడ్డుకు పోతున్నాడు. పక్క సీట్లో కూర్చున్న నాకు ఆ శబ్దం ఎప్పుడూ వినపడలేదు. నా చెవులకే వయసొచ్చిందనుకున్నాను.

టీ పెడదామని లోపలికి వెళ్ళాను. నేను వెళ్ళాక ఆ అమ్మాయి అడిగిందట.

"బండి ఎన్నాళ్ళు ఆపుతారు? దాన్నిబట్టే పని."

మా వాడు మబ్బుల వంక చూసి, "నెల. మహా అయితే రెండు" అన్నాడట.

నెలకైతే పెద్ద పని లేదు. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టింది, బ్యాటరీ వైరు ఊడదీసింది, చేతులు తుడుచుకుంది. నేను టీ తెచ్చేసరికి సంచి సర్దుకుంటోంది.

"అప్పుడే అయిపోయిందా అమ్మాయ్?" అన్నాను. "రెండేళ్ళు ఉండాలి మరి. వీడొచ్చేదాకా నేనూ ఈ కారూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి."

ఆ అమ్మాయి తాగబోతున్న కప్పు గోడ మీద పెట్టింది.

"పిన్నిగారూ, ఎన్నేళ్ళన్నారు?"

"రెండు."

మా వాడు ముందు చక్రాన్ని, జన్మలో ఎప్పుడూ చక్రం చూడనివాడిలా చూస్తున్నాడు.

"డాక్టరు దగ్గరా మెకానిక్ దగ్గరా అబద్ధం ఆడకూడదని తెలీదా నీకు?" అంది ఆ అమ్మాయి. "నెలన్నావు, నెలకు సరిపడా చేశాను. రెండేళ్ళు ఇలాగే వదిలేస్తే టైర్లు ఒక్క పక్కే అణిగిపోతాయి. బ్యాటరీ చస్తుంది. సైలెన్సర్‌లో ఎలుకలు కాపురం పెడతాయి. అప్పుడొచ్చి, షెడ్డువాళ్ళు చెడగొట్టారని ఊరంతా చెబుతావు."

కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. మా వాడు తిట్లన్నీ వదిలేసి ఆ ఒక్కటే పట్టుకున్నట్టున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

వాన మొదలైంది. కారు రేకుల కింద ఉంది కాబట్టి పని ఆగలేదు. ఆ అమ్మాయి సంచి మళ్ళీ విప్పింది. పాత ఇంజన్ ఆయిల్ దించి కొత్తది పోసింది. షెడ్డు నుంచి ఇనప స్టాండ్లు తెప్పించి, జాకీతో కారు ఎత్తి, చక్రాలు నేలకు తగలకుండా నిలబెట్టింది. మా వాడు అందించమన్నది అందిస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. లోపలికి వెళ్ళాల్సిందే, కాళ్ళు రాలేదు.

"ఎందుకు అబద్ధమాడావు?" కారు కింద నుంచి అడిగింది.

"మీ నాన్నగారు సంబంధాలు చూస్తున్నారని విన్నాను."

"చూస్తే?"

"నెలంటే ఎవరైనా ఆగుతారు. రెండేళ్ళంటే ఎవరాగుతారు?"

"ఎవరి కోసం ఆగాలి? ఏడాదిగా శబ్దం వస్తోందని వస్తావు. బానెట్ ఎత్తితే ఏమీ ఉండదు. దించి పంపిస్తే మళ్ళీ వారం వస్తావు. చెప్పని మాటకి ఆగడం ఎలాగో నాకు తెలీదు."

మా వాడు చేతిలోని పానా నేల మీద పెట్టాడు.

"నువ్వంటే ఇష్టం. పెళ్ళి చేసుకోవాలని ఉంది. రెండేళ్ళు ఆగమని అడగడానికి భయం వేసింది."

వాడి నోటి నుంచి ఒక్కసారే అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు.

కారు కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. "ఆ పానా ఇటివ్వు."

అంతే. బ్యాటరీ పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టించింది. సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కింది. ప్లాస్టిక్ పట్టా బదులు నూలు దుప్పటి కప్పింది.

"ఇక రెండేళ్ళున్నా దీనికేం కాదు" అని వానలోనే వెళ్ళిపోయింది.

మా వాడు మెట్టు మీద కూర్చున్నాడు. "అత్తా, నీ నోరుందే..."

"నా నోరు నిజమే చెప్పింది. నీది ఏడాది ఆలస్యంగా తెరుచుకుంది. నన్నంటావేం?"

వాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారితే ప్రయాణం. వాడు పెట్టె గుమ్మంలో పెట్టేసరికి గేటు తీసుకుని ఆ అమ్మాయి వచ్చింది, వెనక షెడ్డు పెద్దాయన. ఎవరినీ పలకరించకుండా వెళ్ళి దుప్పటి తీసి మడత పెట్టింది. గొట్టంలో గుడ్డ లాగింది.

"బ్యాటరీ ఎక్కడ పెట్టావు?" అని మా వాణ్ణి అడిగింది.

"నిన్ననే కదమ్మా ఎత్తావు? మళ్ళీ దించుతావేం?" అన్నాను.

"ఆగి ఉండే బండికి ఇవన్నీ కావాలి పిన్నిగారూ. రోజూ తిరిగే బండికి ఎందుకు? నేను తిప్పుతాను. మిమ్మల్ని కూడా ఎక్కించుకుంటాను."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మా షెడ్డులో ఒక పద్ధతి ఉందమ్మా. కస్టమర్ బండిని సొంత పనికి ముట్టుకోం. మా నాన్ననాటి నుంచీ అంతే. నిన్న ఈ పిల్ల ఇంటికొచ్చి, ఆ కారు రెండేళ్ళు నేనే తిప్పుతానంది. కస్టమర్ బండి ఎలా తిప్పుతావే అన్నాను. అతను కస్టమర్ కాకుండా పోయే మార్గం చూడు నాన్నా అంది. అందుకని మాట్లాడదామని వచ్చాను."

"నాకేం అభ్యంతరం లేదు అన్నయ్యగారూ. వాణ్ణి అడగండి" అన్నాను.

అడగడానికి వాడు కనపడితే కదా. అప్పటికే జాకీ పట్టుకుని కారు పక్కన బోర్లా పడుకున్నాడు.

"అటు కాదు, ఇటు తిప్పు" అంటోంది ఆ అమ్మాయి.

రెండేళ్ళకు వాడు తిరిగి వచ్చిన రోజు స్టేషన్‌కి మేమిద్దరమే వెళ్ళాం. ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. వచ్చేటప్పుడు నన్ను వెనక సీట్లోకి పంపారు.

ఇట్లు, వీధంతా పిన్నిగారు అని పిలిచే నేను. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది వాళ్ళిద్దరితోనే, షెడ్డు వెనక ఇంట్లో.