ఎఫీ కాపలా

కిల్‌వారిక్‌లో సరస్సు ఒడ్డున తినడానికి చోట్లున్నాయి. పడుకోవడానికి గదులున్నాయి. నడవడానికి చక్కటి దారి ఉంది. ఆ ఊళ్లో లేనిదల్లా చచ్చిపోయేవాళ్లు.

ఈ మాట ఇష్బెల్ ఎప్పుడూ అనేది. నవ్వుతూ అనేది కాదు. ఇళ్లన్నీ ఎడిన్‌బరో వాళ్లు, లండన్ వాళ్లు కొనేశారు. వేసవికి వస్తారు, చలి తగలగానే తాళాలేసుకుని పోతారు. మిగిలిన ముసలివాళ్లు ఇన్వర్నెస్ ఆసుపత్రిలో పోతున్నారు, అక్కడే దహనమైపోతున్నారు. సరస్సు కొసన రాతిగోడ లోపలున్న పాత శ్మశానంలో ఆఖరున పూడ్చింది ఇష్బెల్ తల్లి ఎఫీని. తొమ్మిదేళ్లయింది.

ఆ వైపు ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. కొత్తగా పూడ్చిన మనిషి శ్మశానం గేటు దగ్గర కాపలా కాయాలి. తర్వాతి శవం వచ్చి ఆ పని అందుకునేదాకా విశ్రాంతి లేదు. వెనకటికి ఒకేరోజు రెండు శవాలొస్తే, మాది ముందంటే మాది ముందని మోసేవాళ్లు పెట్టెలు భుజాన వేసుకునే పరుగులు తీశారట.

ఎఫీ బతికినన్నాళ్లూ ఇంట్లో గదులు అద్దెకిచ్చింది. పరుపులు దులిపింది, ఓట్స్ జావ కాచింది, ఎవరొచ్చినా గుమ్మంలో నిలబడి తలుపు తీసింది. చచ్చాక కూడా అదే చాకిరీ. ఇష్బెల్‌కి ఒళ్లు మండేది అందుకే.

పక్కింటి మర్డో ముసలాయన చేపల పడవ నడిపేవాడు. "నీకెందుకే బెంగ? నేను పోయి మీ అమ్మని కూర్చోబెడతాగా" అనేవాడు. పోయిన నెల పోయాడు కూడా. గ్లాస్గో నుంచి కూతురొచ్చి, దహనం చేయించి, బూడిద పట్టుకుని బయల్దేరింది.

"సముద్రంలో కలుపుతాం. నాన్నకి సముద్రమంటే ప్రాణం" అంది.

"మీ నాన్నకి సముద్రమంటే రోత. పొట్టకూటికి వెళ్లాడు" అంది ఇష్బెల్. ఆ పిల్ల కారు అద్దం ఎత్తేసుకుంది.

ఆ మంట చల్లారకముందే తమ్ముడు లాహ్లన్ ఇంకో ఘనకార్యం చేశాడు. ఊళ్లో హోటలు వాడిదే. ఒడ్డు దారి పొడవునా బోర్డులు పెట్టించాడు. కాఫీ ఇక్కడ, చేపల సూపు ఇక్కడ, పడవలు అక్కడ. శ్మశానం దగ్గర ఆఖరి బోర్డు: "ఈ గేటు దానంతటదే తెరుచుకుంటుంది. ఎఫీకి థాంక్స్ చెప్పండి."

ఇష్బెల్ తిన్నగా హోటలుకెళ్లింది.

"ఎవర్నడిగి పెట్టావురా ఆ బోర్డు?"

"మెల్లగా అక్కా. జనం తింటున్నారు."

"తిననీ. అమ్మని కోతిని చేసి ఆడిస్తున్నావని వాళ్లూ వింటారు."

"అమ్మకి వచ్చేపోయేవాళ్లంటే ఇష్టమే కదా!"

"ఇష్టమా? రాత్రిళ్లు ఆవిడ కాళ్లు నేను పట్టేదాన్నిరా. నువ్వు పట్టావా ఒక్కనాడైనా?"

లాహ్లన్ ఇంకో గ్లాసు అందుకుని తుడవసాగాడు.

"మర్డో వానకోటు మా ఇంట్లోనే ఉంది. మనిషిని తగలేశారు, కోటునైనా పూడుస్తాను. ఆయన వచ్చాడంటే అమ్మ కూర్చుంటుంది. పార తీసుకుని రా."

"కోటుకి అంత్యక్రియలా? పోనీలే, బోర్డు మీద ఇంకో ముక్క రాసుకోవచ్చు" అన్నాడు వాడు. నవ్వుకుంటూనే వెంట నడిచాడు.

నవంబరులో అక్కడ సాయంత్రమనేది ఉండదు. టీ తాగి తలెత్తేసరికి చీకటే. దారి పక్కన తడిసిన ఆకులు కుళ్లుతున్న వాసన. నీళ్లు రాళ్లను నాకుతున్న చప్పుడు. ఊరి వైపు నుంచి పొగ. గోడ దగ్గరికి వచ్చారు. రోజూ ఎవరొచ్చినా తెరుచుకునే ఇనప గేటు ఆవేళ తెరుచుకోలేదు. ఇష్బెల్ తోసింది. అవతల ఎవరో ఆనుకుని నిలబడ్డట్టు బరువుగా కదిలింది.

లాహ్లన్ తవ్వాడు. ఇష్బెల్ కోటు మడిచి గుంటలో పెట్టింది. మన్ను కప్పారు.

"అమ్మా, మర్డో వచ్చాడు. ఇక నువ్వు పడుకో."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"అక్కా..." లాహ్లన్ గొంతు పీలగా వచ్చింది. "గేటు చూడు..."

టార్చి వెలుగులో గేటు మీద మర్డో కోటు వేలాడుతోంది. మట్టి దులిపి, కాలరు సరిచేసి... వానలో వచ్చిన మనిషి కోటు అందుకుని ఇంటావిడ తగిలించినట్టు. కాళ్ల దగ్గర కప్పిన మన్ను కప్పినట్టే ఉంది.

లాహ్లన్ పార వదిలేసి పరుగందుకున్నాడు. వెనక్కి చూడలేదు. పిలవలేదు.

ఇష్బెల్ చెవి పక్కనే, చల్లగా...

"ఇందులో మనిషి లేడే."

"అమ్మా..."

"ఇన్నాళ్లు నిలబెట్టి... ఖాళీ కోటా?"

"నేనేం చెయ్యనమ్మా, ఎవరూ రావడంలేదు..."

"ఎవరి వంతు? పేరు చెప్పు."

దారి మీద టార్చి గంతులేస్తూ హోటలు దీపాల వైపు పోతోంది. అక్కని చీకట్లో వదిలేసి పోతోంది. అమ్మని వదిలేసినట్టే. ఆవిడ జబ్బు పడ్డప్పుడు వదిలేసినట్టే. ఇష్బెల్ కడుపులోంచి మంట లేచింది. భయాన్ని కూడా మింగేసే మంట.

"లాహ్లన్" అంది.

అనేశాక చేత్తో నోరు మూసుకుంది.

గోడ వారగా ఎవరో చతికిలబడిన చప్పుడు. నడుం వాల్చిన ముసలావిడ నిట్టూర్పు. గేటు నెమ్మదిగా మూసుకుంది... పడుకున్నవాళ్లు లేవకుండా వేసే తలుపులా.

ఇష్బెల్ ఆ గేటు ఎలా దాటిందో, ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. హోటలు వంటగది తలుపు తోసింది. పొయ్యి ముందు కుర్చీలో లాహ్లన్ కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"సిగ్గులేని వెధవా! నన్నొదిలేసి పారిపోతావా?"

"భయమేసిందక్కా."

చేయి పట్టుకు చూసింది. వెచ్చగానే ఉంది. గిన్నెలో సూపు పోసి ముందు పెట్టింది. వాడు చెంచా ముట్టలేదు. లేచి, తలుపుకేసి తిరిగి నిలబడ్డాడు.

"కూర్చుని తాగరా."

"ఎవరైనా వస్తున్నారా అక్కా?"

"ఎవరొస్తారు ఈ చలిలో?"

"ఊరికే అడిగా."

ఇష్బెల్ తలుపు గడియ పెట్టింది. కిటికీలు చూసింది, అన్నీ బిగించే ఉన్నాయి. బల్ల మీద కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడి ఉంది, రవ్వంత కూడా అల్లాడటం లేదు.

లాహ్లన్ జుట్టు మాత్రం, ఆ గేటు దగ్గర నిలబడ్డట్టు, గాలికి రేగుతోంది.