చింపిన ప్రోనోటు

సోమవారం ఉదయం 10:20. ఉదయగిరి పోలీస్ స్టేషన్.

"ఏం పోయినాదమ్మా?" రైటర్ మాల్యాద్రి పెన్ను మూత తీశాడు.

"కాగితం సార్."

"ఏం కాగితం? పాసుబుక్కా?"

"కాదు సార్. రసీదు."

మాల్యాద్రి పెన్ను మూత మళ్లీ పెట్టేశాడు. రసీదు పోయిందని కేసు రాసే స్టేషన్ భూమ్మీద ఎక్కడా ఉండదన్నట్టు చూశాడు.

పక్క టేబుల్ దగ్గర ఏఎస్సై సుకుమారి తలెత్తింది.

"ఇట్లా రామ్మా. కూర్చో."

సుకుమారికి యాభై రెండేళ్లు. వింజమూరు మనిషి. భర్త జోయల్ పోయి పద్నాలుగు నెలలైంది. క్వార్టర్లో ఒక్కతే ఉంటుంది. అందరికంటే ముందు స్టేషన్‌కి వస్తుంది, అందరూ పోయాక పోతుంది. మేడంకి డ్యూటీ అంటే ప్రాణం అని స్టాఫ్ చెప్పుకుంటారు. అసలు సంగతి అది కాదు. ఇంట్లో పలకరించేవాళ్లు లేరు, అంతే.

వచ్చినామె పేరు ముబషిరా. ముప్పై ఏళ్లుంటాయి. చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కుతుంది. వేళ్ల నిండా పాత గాట్లు.

"మా ఆయన యూనుస్, నేను ఇద్దరం సంతకాలు పెట్టి ఆత్మకూరు చంద్రహాస ఫైనాన్స్‌లో అరవై వేలు బాకీ తెచ్చినాం మేడం. కొంత కట్టినాక ఆయన పోయినాడు. మిగిలింది నలభై ఒక్క వేల మూడొందలు. నా గాజులమ్మి ఒక్క రూపాయి తగ్గకుండా కట్టేసినా. 2023 జూన్ 14న."

"రసీదు ఇచ్చినారా?"

"ఇచ్చినారు. ట్రంకు పెట్టెలో పెట్టినా. ఇప్పుడు లేదు."

"పాత బాకీ రసీదుతో ఇప్పుడేం పని?"

ముబషిరా సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ రిపోర్టు.

"నేను బాకీ ఎగ్గొట్టినానని దీంట్లో ఉండాదంట మేడం."

11:05కి ఇద్దరూ బ్యాంకులో ఉన్నారు. మేనేజర్ సుధారాణి రిపోర్టులో ఒక గడి మీద వేలు పెట్టింది.

"ఇక్కడ చూడండి. అప్పు పూర్తిగా తీరిస్తే 'క్లోజ్డ్' అని ఉండాలి. ఈమెకు 'సెటిల్డ్' అని ఉంది. అంటే కట్టాల్సిందంతా కట్టలేదు. ఇరవై నాలుగు వేలు కట్టింది, పదిహేడు వేల మూడు వందలు కంపెనీ వదిలేసుకుంది."

"తీరిపోయిన బాకీ ఇంకా దీంట్లో ఎందుకుండాది?" సుకుమారి అడిగింది.

"తీరినా ఏళ్ల తరబడి ఉంటుంది మేడం. సరిగ్గా తీర్చి ఉంటే అదే మంచి సాక్ష్యం. ఇలా ఉంటే మాత్రం స్కోరు పడిపోతుంది, ఏ బ్యాంకూ దగ్గరికి రానివ్వదు. చెక్క కోసే మిషను కోసం లక్షన్నర అడిగింది. నాకు ఇవ్వాలనే ఉంది. శుక్రవారంతో ఈ స్కీము ఫైళ్లు మూసేస్తారు."

"లోను రాకపోతే?"

ముబషిరా జవాబు చెప్పింది. "బెంగళూరు షాపోళ్లు నెలకి వెయ్యి స్పూన్లు అడగతా ఉండారు. చేత్తో మూడొందలు దాటడం లేదు. మిషను లేకపోతే ఆ గిరాకీ పోతాది. షెడ్డు మూసేసి కావలిలో మా అన్న ఇంటికి పోవాల. వాళ్ల వంటింట్లో ఒక మూల పడుండాల."

అన్న మంచివాడే అని కూడా చెప్పింది. మంచివాడి ఇంట్లో మూల కూడా మూలే కదా.

12:15. కొండకోట కింద రేకుల షెడ్డు. సగం పని, సగం కాపురం. ఒకప్పుడు నలుగురు కూర్చుని చెక్కిన చోట ఇప్పుడు ఒక్క పీట ఉంది.

సుకుమారి ట్రంకు పెట్టె చూసింది. తాళం పగల్లేదు. గీతలు లేవు. ఆధార్ కార్డులు. యూనుస్ డెత్ సర్టిఫికెట్. ఆయన ఫోటో ఒకటి. ప్లాస్టిక్ కవర్లో రెండు వేళ్ల వెడల్పున తెల్ల కాగితం ముక్క. రెండు వైపులా ఖాళీ.

"ఇదేంది?"

"ఏమో మేడం. రసీదు వెతకతా ఉంటే వచ్చినాది. దాని బదులు ఎవరో పెట్టి పోయినట్టుండారు."

సుకుమారి కవర్‌ని జేబులో వేసుకుంది. ఖాళీ కాగితాన్ని కవర్లో పెట్టి దాచేవాళ్లు ఎవరుంటారు?

గోడ మేకుకి ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. ముడి గట్టిగా బిగించి ఉంది.

"ఆయన ఉలులు," అంది ముబషిరా. "నేను ముట్టను."

"పెట్టె తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?"

"మా బావ దగ్గర. అబ్దుల్ రజాక్. షెడ్డు ఖాళీ చెయ్యమని రోజూ పోరు పెట్టేవాడు. ఆయనే తీసినాడు మేడం. మొహం మీదే అనేసినా. రెండు నెలలైనాది మాటల్లేక."

రజాక్‌ని 2:40కి బస్టాండులో పట్టుకుంది. ఆటో తోలుతాడు.

"షెడ్డు అడిగింది నిజమా?"

"నిజమే మేడం. అద్దెకిస్తే నెలకి మూడు వేలొస్తాది."

"తాళంచెవి?"

"ఉండాది. తమ్ముడు పోయిన రోజు నుంచి నా జేబులోనే ఉండాది. ఒక్కసారీ వాడలా."

"రసీదు?"

"దాంతో నేనేం చేసుకుంటాను? పండక్కి సేమ్యా పంపితే వాకిట్లోంచే తిప్పి పంపినాది. దొంగని చేసినాది నన్ను." పాసింజర్ ఎవరూ లేకుండానే ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం 3:10. ఆత్మకూరు. చంద్రహాస ఫైనాన్స్ ఆఫీసు.

మేనేజర్ జనార్దనయ్యకి అరవై దగ్గర పడ్డాయి. కంపెనీలో చేరకముందు ముప్పై ఏళ్లు సొంతంగా వడ్డీ వ్యాపారం చేసిన మనిషి. ఎదురుగా ఒక రైతు నోట్లు లెక్కపెడుతున్నాడు.

"కూర్చోండి మేడం. ఒక్క నిమిషం."

డబ్బు తీసుకున్నాడు. చేతి మిషన్లో చిన్న రసీదు కొట్టి ఇచ్చాడు. బీరువాలోంచి రైతు రాసిచ్చిన ప్రోనోటు తీశాడు. వెనక్కి తిప్పి రెండు లైన్లు రాశాడు, సంతకం పెట్టాడు. అడ్డంగా రెండు ముక్కలు చేసి రైతు చేతిలో పెట్టాడు.

"ఇంటికి పోయి పొయ్యిలో వేసెయ్. పీడ పోతాది."

రైతు మొహం వెలిగిపోయింది. చిరిగిన ప్రోనోటుని మించిన విడుదల పత్రం ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికీ తెలియదు.

"ముబషిరా సంగతి చెప్పండి," సుకుమారి అంది.

"మొగుడు పోయినోళ్లు మేడం. కట్టలేనని ఏడ్చినాది. ఇరవై నాలుగు వేలు కట్టించుకుని మిగతాది మాఫీ చెయ్యమని హెడ్డాఫీసుకి నేనే రాసినా."

"ఎంత కట్టింది?"

"చెప్పినా కదా. ఇరవై నాలుగు వేలు."

"ప్రోనోటు?"

"చింపి ఇచ్చేసినా. మా కాడ ఏమీ లేదు. కంప్యూటర్లో ఉండాదే లెక్క."

"ఆమె రసీదు చూపిస్తే?"

జనార్దనయ్య నవ్వాడు. "చూపించమనండి మేడం."

ఆ నవ్వు సుకుమారికి నచ్చలేదు. రసీదు లేదని ఇతనికి ఎవరు చెప్పారు?

5:15 బస్సు. కండక్టర్ వచ్చాడు.

"ఉదయగిరి. ఎంతమందమ్మా?"

"ఒక్కరే."

మిషన్ టికెట్ కొట్టింది. దాన్ని పర్సులో పెడుతూ సుకుమారి ఆగింది. పర్సు లోపలి అరలో ఇంకో టికెట్ ఉంది. పద్నాలుగు నెలల కిందటిది. ఉదయగిరి నుంచి నెల్లూరు, పెద్దలు ఇద్దరు. జోయల్‌ని హాస్పిటల్‌కి తీసుకుపోయిన రోజు కొట్టిన టికెట్ అది. ఇద్దరికీ కలిపి కొట్టిన ఆఖరి టికెట్. తీసి చూసే ధైర్యం ఇన్నాళ్లూ రాలేదు.

ఇప్పుడు తీసింది.

కాగితం తెల్లగా ఉంది. ఊరి పేర్లు లేవు. తేదీ లేదు. ఇద్దరు అన్న అంకె కూడా లేదు. వేడికి ఆ మిషన్ అక్షరాలు ఎగిరిపోయాయి.

సుకుమారి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. దాచుకోవడానికి ఇంత చిన్న కాగితం మిగిలితే, అది కూడా మోసం చేసిందని ఏడ్చింది. పక్క సీట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరూ అడగలేదు.

బస్సు ఇంకా సగం దారిలో ఉండగానే కళ్లు తుడుచుకుంది. జేబులోంచి ముబషిరా కవర్ తీసి టికెట్ పక్కన పెట్టి చూసింది. అదే మెరుపు, అదే పలచదనం.

మరి పెన్నుతో రాసిన ప్రోనోటు?

రాత్రి 7:05కి నేరుగా షెడ్డుకి వెళ్లింది.

"చింపి ఇచ్చిన ప్రోనోటు ఏం చేసినావమ్మా?"

"పొయ్యిలో వేసినా మేడం." ముబషిరా కళ్లు నేల మీద ఉన్నాయి. "అందరూ అంతే కదా."

"దాని మీద మీ ఆయన సంతకం ఉండాది కదా?"

ముబషిరా మేకుకున్న సంచి వైపు చూసింది.

"మా ఆయన బస్సు టికెట్‌నే పారేయలేకపోయినా నేను. నువ్వు సంతకాన్ని పొయ్యిలో వేసినావంటే నమ్మమంటావా?"

ముబషిరా లేచి ఆ సంచి దింపింది.

గురువారం ఉదయం 11:00. స్టేషన్‌లో సుధారాణి, రజాక్, జనార్దనయ్య కూర్చున్నారు. ముబషిరా గోడ పక్కన నిలబడింది.

సుకుమారి టేబుల్ మీద రెండు తెల్ల కాగితం ముక్కలు పెట్టింది.

"ఇది నా పాత బస్సు టికెట్. ఇది ముబషిరా రసీదు. ఎవరూ దొంగతనం చెయ్యలా. పెట్టెలోనే ఉండాది. అక్షరాలు ఎగిరిపోయినాయి."

ముబషిరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రజాక్ తల దించుకున్నాడు.

"జనార్దనయ్య గారూ, ఆ రసీదు మాసిపోతుందని మీకు తెలుసు. అందుకే మొన్న నవ్వినారు. నలభై ఒక్క వేల మూడొందలకి రసీదు కొట్టి ఆమెని పంపించినారు. ఆ సాయంత్రం ఎంట్రీ క్యాన్సిల్ చేసి, ఇరవై నాలుగు వేలని రాసినారు. మిగతా పదిహేడు వేల మూడొందలు మీ జేబులోకి పోయినాయి. ఆమె పేరు మీద 'సెటిల్డ్' పడింది."

"ఆధారం ఉండాదా మేడం?"

"మీరే ఇచ్చినారు."

సుకుమారి ఒక కవర్ తెరిచి రెండు చిరుగు ముక్కలు బయటికి తీసింది. అంచుకి అంచు కలిపి వెనక్కి తిప్పింది.

"బాకీ ముట్టినట్టు ప్రోనోటు వెనక రాయడాన్ని చెల్లు వేయడం అంటారు. ముప్పై ఏళ్లు వేసిన చెయ్యి మీది. కంప్యూటర్లో అబద్ధం రాసే మనిషి కూడా ప్రోనోటు చేతికొస్తే నిజమే రాస్తాడు. మాల్యాద్రీ, చదువు."

మాల్యాద్రి గట్టిగా చదివాడు. "14-6-23న అసలు, వడ్డీ కలిపి రూ. 41,300 ముట్టినది. బాకీ చెల్లు." కింద సంతకం.

జనార్దనయ్య ముందుకు వంగి ఆ ముక్కల అంచులు చూశాడు.

"చింపినాక ఎవురు పెట్టుకుంటారు?" అన్నాడు. "బాకీ కాగితం ఇంట్లో ఎవురూ పెట్టుకోరే!"

"అక్కడే పొరపాటు పడినారు. మీ కళ్లకి అది బాకీ కాగితం. ఆమెకి మొగుడి సంతకం."

మాల్యాద్రి జనార్దనయ్యని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. ఈసారి పెన్ను మూత తీసే ఉంచాడు.

ముబషిరా రజాక్ ముందుకొచ్చింది. "బావా, తప్పు నాది."

రజాక్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "షెడ్డు సంగతి ఇంక ఎత్తను," అన్నాడు. తర్వాత, "సేమ్యా మాత్రం తిప్పి పంపొద్దు," అన్నాడు.

సుధారాణి ఫైలు తెరిచింది. "ఎఫ్ఐఆర్ కాపీ, ఈ ప్రోనోటు జిరాక్సు ఇస్తే రేపటిలోగా అప్లికేషన్ తీసుకుంటాను. రిపోర్టు సరిచేయమని కంపెనీకి, క్రెడిట్ బ్యూరోకి ఈరోజే రాయండి. ముప్పై రోజుల్లో సరిచేయాలి. అది మారగానే డబ్బు."

మిగతావాళ్లు వెళ్లాక సుకుమారి పంచనామా కాగితం తీసింది. అసలు కష్టం ఇప్పుడుంది.

"అమ్మా, ఈ ముక్కలు కోర్టుకి పోవాల. జిరాక్సు నీకిస్తాను."

"మళ్లీ ఎప్పుడొస్తాయి మేడం?"

సుకుమారి అబద్ధం చెప్పలేకపోయింది. "తెలీదు. ఏళ్లు పట్టొచ్చు."

ముబషిరా కింది ముక్కని అరచేతిలో పెట్టుకుంది. రెవెన్యూ స్టాంపు మీద వంకరగా యూనుస్ అని ఉంది.

"ఒక గంట ఇస్తారా?"

షెడ్డు నుంచి సంచి, కొత్త గరిటె ఒకటి తెచ్చుకుని స్టేషన్ వరండాలోనే కూర్చుంది. సంచి ముడి విప్పి యూనుస్ ఉలుల్లో సన్నది ఏరుకుంది. అతను పోయాక ఆ ఉలిని ముట్టుకోవడం అదే మొదలు. గరిటె కాడ మీద, సంతకాన్ని చూస్తూ, వంకర వంకరగానే చెక్కింది. ఒకచోట స్టాంపు అంచు తగిలి సిరా ఆగిన చోటుంది. అక్కడ ఉలి కూడా ఆగింది.

సుకుమారి ఎదురు కుర్చీలో కూర్చుని చూసింది. పంచనామా పన్నెండుకి మొదలుకావాలి. 1:10 అని రాసుకుంది.

ముప్పై మూడో రోజున కొత్త రిపోర్టు వచ్చింది. సుకుమారే బ్యాంకు నుంచి షెడ్డుకి తీసుకుపోయి చూపించింది.

"'క్లోజ్డ్' అని పడింది. సుధారాణి గారు ఎల్లుండి మిషను డబ్బు వేస్తామన్నారు."

ముబషిరా ఆ గడిని వేలితో తడిమింది. "ఇంక ఇది తీసేస్తారా మేడం?"

"తీసెయ్యరు. ఏడేళ్లకి తక్కువ కాకుండా ఉంటుందంట. నువ్వు సరిగ్గా కట్టినావని చెప్తానే ఉంటుంది."

"ఆయనా నేనూ కలిసి తెచ్చిన బాకీ అని కూడా ఉంటుందా?"

సుకుమారి కళ్లజోడు సర్దుకుని చూసింది. జాయింట్ అకౌంట్ అని ఉంది.

"ఉంటుంది."

"అయితే ఉండనీ," అంది ముబషిరా. "ప్రోనోటు కోర్టుకి పోయినాక, ఇద్దరం ఒకచోట ఉండే కాగితం నాకు ఇదొక్కటే."

సుకుమారి లేచింది. ముబషిరా ఆమె చేతిలో చిన్న చెక్క స్పూను పెట్టింది. కాడ మీద ఒక బస్సు, దాని కిటికీలో పక్కపక్కనే రెండు తలలు చెక్కి ఉన్నాయి.