గడప బయట ఎర్ర బూట్లు

1982 జనవరి. శని, ఆదివారాలు సెలవు కదా అని మా అమ్మాయి రేణు, అల్లుడు కృష్ణమోహన్ నన్నూ మనవరాలు మీనానీ బర్లింగ్టన్ తీసుకెళ్ళారు. ఊరి పక్కనే పెద్ద సరస్సు. అది కాస్తా గడ్డకట్టి తెల్లటి బయలులా పడి ఉంది. కంటికి కనిపించని నీళ్ళు చూడ్డానికి అయిదు గంటలు కార్లో కూర్చోబెట్టారని అప్పటికే నాకు ఒళ్ళు మండుతోంది. అక్కణ్ణుంచి ఇంకో గంట ప్రయాణం, జనం మంచు మీద జారుతూ ఆడుకునే కొండ కింద అద్దెకి తీసుకున్న చెక్క ఇంటికి.

తలుపు లోపలివైపు ఇంటి యజమాని అంటించిన కాగితం ఉంది. మిల్లులో పనిచేస్తూ రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను. అక్కడ నేర్పింది తెలుగు. అందుకని ఏడేళ్ళ మీనా చదివి పెట్టింది.

"షూస్ అవుట్‌సైడ్ వదలకూడదంట తాతయ్యా. ఎప్పుడూ లోపలే పెట్టాలంట."

"డెబ్భై ఏళ్ళుగా గడప దాటించనివి, కాగితం చెప్పిందని ఇప్పుడు దాటిస్తానా?"

"బయట పెడితే గడ్డకడతాయి మామయ్యగారూ," అన్నాడు అల్లుడు. "రేపు వాటితో మేకులు కొట్టుకోవచ్చు."

"కొట్టుకుంటాన్లే."

నా బూట్లూ, మీనా ఎర్ర బూట్లూ వరండాలో వరసగా పెట్టాను. పిల్లకి కూడా చెప్పాను: బయట విప్పి వచ్చేవాళ్ళు మర్యాదస్థులు, వాళ్ళని లోపలికి పిలవాలి అని.

మర్నాడు వాళ్ళిద్దరూ కొండకి బయల్దేరారు. "నాన్నా, మీనా జాగ్రత్త. బయటికి వెళ్ళనివ్వకు," అంది రేణు.

నాకు అప్పగించింది ఆ ఒక్క పనే. టీవీలో బొమ్మ రాలేదు. స్టవ్ ఎలా వెలిగించాలో ఎవరూ చెప్పలేదు, కాఫీ లేదు. మీనా లోపలి గదిలో ఆడుకుంటోంది. విసుగుతో కుర్చీలో కూర్చుని వాళ్ళని తిట్టుకుంటూ... కునుకు తీశాను.

వాసనకి మెలకువ వచ్చింది. చెరువు అడుగున బురద వాసన. అన్నీ గడ్డకట్టిన దేశంలో బురదేమిటి? నాలుగున్నరకే చీకటి ముసురుకుంటోంది. చప్పుడు లేదు. కారు వస్తోందేమోనని తలుపు తీశాను.

రెండు జతలున్నాయి. ఒకటి నాది. రెండోది మీనాది కాదు.

నల్లటి తోలు బూట్లు. చిన్నవి, పాతకాలపువి. నా వాటి మీద నాలుగు వేళ్ళ మందాన మంచు. వాటి మీద రవ్వ లేదు... నీళ్ళు కారుతున్నాయి.

మెట్ల మీంచి మంచులో చిన్న అడుగుజాడలు రోడ్డు వైపు వెళ్ళాయి. వచ్చిన జాడలు మాత్రం లేవు.

"మీనా!"

"ఇక్కడే ఉన్నా తాతయ్యా."

ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. గబగబా లోపలికి నడిచాను. కాలికి తడి తగిలింది. గుమ్మం నుంచి గదిలోకి, నేల మీద చిన్న చిన్న తడి పాదాలు.

మంచం మీద దుప్పటి నిండా కప్పుకుని ఉంది.

"నీ బూట్లేవి?"

"తీసుకెళ్ళింది." గుసగుసగా అంది. "రమ్మని పిలిచిందిగా... నువ్వు చెప్పావని."

ఎవరు ఎవర్ని పిలిచారు? అడగడానికి ఆగలేదు. దుప్పటితో సహా ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తాను. చేతికి తగిలిన పాదాలు మంచుగడ్డలు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి...

అప్పుడే కారు వచ్చి ఆగింది. అల్లుడు తలుపు తీస్తూనే అరిచాడు.

"మీకు బుద్ధుందా మామయ్యగారూ? పిల్లని ఒంటరిగా రోడ్డు మీదకి వదిలేస్తారా? పిలుస్తుంటే చెట్లలోకి పరిగెత్తింది! రేణు దిగి వెంట..."

నా భుజం మీది మూట చూసి ఆగిపోయాడు.

"అదెవరు?"

దుప్పటి తీయడానికి నా చెయ్యి లేవలేదు.

కింద చెట్లలోంచి రేణు గొంతు వినిపించింది. "మీనా... మీనా..."

నా చెవి పక్కన, దుప్పటి లోపల్నుంచి, మెల్లగా,

"ఊఁ..."