రెండో క్లిప్పు

పెరట్లో ట్రెయిలర్ మీదున్న మోటారు పడవ దగ్గరికి పోవాలని తండ్రి తొందరపడుతున్నాడు. తల్లి అతని చొక్కా గుండీలు పెడుతోంది.

"కదలకండీ. పడవేం పారిపోదు."

"సరస్సులో తిప్పుతానని చిట్టికి మాటిచ్చానే."

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న కూతురి చెయ్యి ఆగిపోయింది. పోయిన ఆదివారం ఆ పడవలోకే నీళ్లొచ్చాయి. ఆమె ఆరేళ్ల పిల్ల చిట్టి మోకాళ్ల దాకా తడిసి, వణుకుతూ ఒడ్డుకు చేరింది.

"నా కూతురు రాదు," అంది.

"ఎందుకు రాదు? ఈసారి బిరడా నేనే పెడతాను. నీలాంటి మతిమరుపు మేళాన్ని ముట్టుకోనివ్వను."

వారంగా ఇదే పాట. పడవ ఒడ్డున ఉన్నప్పుడు వాననీళ్లు పోవడానికి అడుగున బిరడా తీస్తారు. తీసినవాళ్లు దాన్ని ఇంజిన్ తాళంచెవికి కట్టాలి, నీళ్లలోకి దించేముందు బిగించాలి. అది ఆ ఇంటి చట్టం. ఆ రోజు బిగించింది కూతురే. సగమే బిగించిందని తండ్రి కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు.

బిరడా గట్టిగానే బిగించినట్టు ఆమెకు బాగా గుర్తు. తడిచేతులతోనే పెరట్లోకి నడిచింది. ఇంజిన్ మూత ఎత్తింది. కుళాయి గొట్టాన్ని, చల్లబడటానికి ఇంజిన్ నీళ్లు పీల్చేచోట తగిలించి తాళం తిప్పింది.

నిమిషంలో లోపల ఒక గొట్టం చివర నుంచి నీళ్లు చిమ్మాయి. "మెకానిక్కేమైనా పైనుంచి ఊడిపడ్డాడా?" అంటూ పోయిన నెల తండ్రి స్వయంగా మార్చిన రబ్బరు గొట్టం అది. ఒక చివర దాన్ని పట్టి ఉంచే క్లిప్పు బిగిసి ఉంది. రెండో చివర క్లిప్పు వదులు గాజులా తిరుగుతోంది.

ఇంజిన్ ఆపి, దిగి, వెనకే వచ్చిన తండ్రి వైపు తిరిగింది. "ఇదీ నా మతిమరుపేనా నాన్నా?"

"బిగించాను! మూడుసార్లు బిగించాను!"

అతను పడవలోని స్క్రూడ్రైవర్ అందుకుని ఇంజిన్ మీదికి వంగాడు. అది చేతిలోంచి జారి ఇంజిన్ కింద పడింది. ఆ సంగతి వేళ్లకు తెలిసినట్టు లేదు. అవి ఇంకా తిప్పుతూనే ఉన్నాయి.

కూతురు అతని చొక్కా గుండీల వైపు చూసింది. తర్వాత గుమ్మంలో ఉన్న తల్లి వైపు.

"చలికాలం నుంచి ఆయన వేళ్లకు స్పర్శ లేదే," అంది తల్లి తల దించుకుని. "ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

జాలి కలగాల్సిన చోట కోపమే ముంచుకొచ్చింది.

"నీ చేతుల సంగతి నీకు తెలుసు. తెలిసీ నా పిల్లని ఎక్కించావు. పైగా తప్పు నా నెత్తిన రుద్దావు!"

తండ్రి ట్రెయిలర్ అంచున కూలబడ్డాడు.

"నీ తప్పని ఎవరెవరితో అన్నానో, వాళ్లందరి దగ్గరికీ వెళ్లి నాదేనని చెప్తానమ్మా. ఈ పడవ కూడా బాగుచేసుకోలేకపోతే ఇంక నేనెందుకని... భయపడ్డాను."

ఆమె కోపం పోలేదు. అయినా మళ్లీ పడవెక్కింది. ఇంజిన్ కిందికి చెయ్యి పెట్టి స్క్రూడ్రైవర్ తీసి, పడవలో ఉన్న టార్చి అతని చేతుల్లో పెట్టింది.

"రెండు చేతులతో పట్టుకో."

పట్టుకున్నాడు. వెలుతురు క్లిప్పు మీద పడింది.

"కుడివైపు తిప్పు."

"తెలుసు నాన్నా."

"తెలుసులే. నన్ను చెప్పనీ."

ఆమె కళ్లు తుడుచుకుని క్లిప్పు మీదికి వంగింది.

"సరే, చెప్పు."